చర్చి బాణీ, సమ్మె పాట: అప్పలాచియా కంట్రీ సంగీతంలో మతం

మతం వాసన తగిలిన పాటను తిరోగామి అరలోనూ, తగలని పాటను అభ్యుదయ అరలోనూ వేసి ఊరుకోవడం మన విమర్శలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈ అలవాటుకు లొంగని సంగీతం అమెరికాలో ఒకటుంది. దాన్ని కంట్రీ సంగీతం అంటారు. వెడల్పు టోపీ పెట్టుకుని, గిటారు మెడలో వేసుకుని, వదిలిపోయిన ప్రియురాలిని గురించీ, వదలని తాగుడు గురించీ తెల్లవాళ్ళు పాడుకునే పాటగా మాత్రమే మనలో చాలామందికి అది తెలుసు. జెండా, బైబిలు, తుపాకీ మూడింటినీ ఒకే తాటికి కట్టే రాజకీయాలకు అది పక్కవాద్యమన్న అభిప్రాయం కూడా ఉంది. ఆ అభిప్రాయానికి ఆధారాలు లేకపోలేదు. కాని ఆ సంగీతానికి పుట్టిల్లయిన కొండల్లోనే, 1931లో, ఒక గని కార్మికుడి భార్య తనకు తెలిసిన చర్చి కీర్తన వరసలో సమ్మె పాట కట్టింది. తొంభై ఏళ్ళు దాటినా కార్మికసంఘాల సభల్లో ఆ పాట పాడుతూనే ఉన్నారు. ఓర్పు బోధించిన చర్చే తిరగబడినవాళ్ళకు గొంతునెలా ఇచ్చిందన్నది పరిశీలించదగిన విషయం.

ముందు ప్రాంతం సంగతి. అప్పలాచియన్ పర్వతశ్రేణి అమెరికా తూర్పు భాగంలో దక్షిణాన అలబామా నుంచి ఉత్తరాన కెనడా దాకా సాగుతుంది. మన చర్చకు కావలసింది అందులో ఒక ముక్క: తూర్పు కెంటకీ, వర్జీనియా నైరుతి మూల, వెస్ట్ వర్జీనియా దక్షిణ భాగం, తూర్పు టెనెసీ. స్కాట్లండు, ఉత్తర ఐర్లండు, ఇంగ్లండు, జర్మనీల నుంచి వచ్చిన పేద రైతులు 18వ శతాబ్దంలోనే ఇక్కడి లోయల్లోకి చేరారు. కొండల దక్షిణ కొసన మిగిలిన చెరోకీలను 1838లో సైన్యం వెళ్ళగొట్టింది. 19వ శతాబ్దం చివర రైళ్ళు వచ్చాయి. రైలుకంటే ముందే కంపెనీల ఏజెంట్లు వచ్చి, కాగితంలో ఏముందో తెలియని రైతుల చేత సంతకాలు పెట్టించుకుని, భూమి అడుగున ఉన్న బొగ్గు మీద హక్కులు కారుచౌకగా కొనేశారు. ఒక తరం తిరిగేసరికి రైతు కొడుకు గని కార్మికుడయ్యాడు. ఉండే ఇల్లు కంపెనీది, సరుకులు కొనే కొట్టు కంపెనీది, చాలా చోట్ల జీతం కూడా ఆ కొట్లో మాత్రమే చెల్లే కంపెనీ బిళ్ళల్లో ఇచ్చేవారు. అలబామా నుంచి నల్లవాళ్ళు, ఇటలీ, హంగరీల నుంచి వలస కూలీలు కూడా ఆ గనుల్లోకి దిగారు.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, కొండజనం ప్రపంచానికి దూరంగా, మూడు శతాబ్దాల నాటి పాటలను మూటగట్టుకుని కూర్చున్నారన్న కథ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. 1916-18 మధ్య ఇంగ్లండు నుంచి సిసిల్ షార్ప్ అనే పండితుడు, సహాయకురాలు మాడ్ కార్పెలెస్‌తో కలిసి ఈ కొండల్లో తిరిగి వందల కొద్దీ కథాగేయాలు సేకరించాడు. ఆయన చేసిన మేలు కాదనలేం. కాని ఆయన వెతికింది పాత ఇంగ్లండును. అందుకు పనికిరాని చర్చి కీర్తనలను, బాంజో పాటలను, నల్లవాళ్ళ పాటలను చాలావరకు పక్కకు పెట్టాడు. పక్కకు పెట్టిన వాటిలోంచే పదేళ్ళు తిరగకుండా ఒక సంగీత వ్యాపారం లేచింది. జానపద సేకర్త తనకు కావలసిన జానపదుణ్ణే చూస్తాడన్నది మన దేశంలోనూ అనుభవమే.

ఇక మతం. బాప్టిస్టు అనగానే మనకు నెల్లూరు, ఒంగోలు మిషన్లు గుర్తుకొస్తాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ దొరగారి అమెరికన్ బాప్టిస్టు మిషనే. అప్పలాచియా కొండల్లోని పాతకాలపు బాప్టిస్టులు దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నవాళ్ళు. మనుషులు చందాలు పోగుచేసి పరదేశాలకు మిషనరీలను పంపడమే దైవేచ్ఛలో తలదూర్చడమని వాదించి, 1830ల ప్రాంతంలో మిగతా బాప్టిస్టుల నుంచి విడిపోయారు. ఎవరికి మోక్షమో దేవుడు ముందే నిర్ణయించాడని ప్రిమిటివ్ బాప్టిస్టుల నమ్మకం. వీళ్ళకు ఆదివారపు బడులు లేవు, జీతం తీసుకునే పాస్టరు లేడు. వారంలో ఆరు రోజులు పొలంలోనో గనిలోనో పనిచేసినవాడే ఏడో రోజు లేచి బోధిస్తాడు. అతను వేదాంత కళాశాల గడప తొక్కి ఉండడు. కంపెనీ ఆధిపత్యం వచ్చాక ఈ చిన్న విషయానికి ఎంత ప్రాముఖ్యం వచ్చిందో ముందు ముందు చూస్తాం.

ఈ సిద్ధాంతానికీ సంగీతానికీ సంబంధమేమిటి? నేరుగా ఉంది. కొత్త నిబంధనలో సంఘారాధనకు వాద్యాలు వాడిన ప్రస్తావన లేదు కనుక ఈ చర్చిల్లో వాద్యాలు లేవు. ప్రిమిటివ్ బాప్టిస్టులు, ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టులు గొంతుతోనే పాడతారు. పుస్తకంలో మాటలే ఉంటాయి, స్వరాలు ఉండవు. ఓల్డ్ రెగ్యులర్ సంఘాల్లో ఒక పెద్ద లేచి చరణంలో ఒక పాదాన్ని గబగబా రాగయుక్తంగా చెబుతాడు. సంఘమంతా ఆ పాదాన్ని అందుకుని, సాగదీసి, ఎవరి గమకాలు వాళ్ళు వేసుకుంటూ చాలా నెమ్మదిగా పాడుతుంది. తాళం ఉండదు. శ్రుతులు కలిపే పాశ్చాత్య పద్ధతి ఉండదు. అందరిదీ ఒకే వరస, అయినా ఏ ఇద్దరి గొంతూ ఒకే చోట వంపు తిరగదు. భజనగుడిలో ఒకరు చెప్పగా పదిమంది పలకడం విన్నవాళ్ళకు దీని నిర్మాణం కొత్త కాదు. ఆ మందగతి, ఆ దుఃఖం మాత్రం కొత్త. చదువురాని సంఘానికి పుస్తకం లేకుండా కీర్తనలు నేర్పడానికి 17వ శతాబ్దపు ఇంగ్లండు, స్కాట్లండుల్లో వాడిన పద్ధతి ఇది. స్కాట్లండు దీవుల్లోని గేలిక్ కీర్తనల్లోనూ, అమెరికా నల్లవాళ్ళ బాప్టిస్టు చర్చిల్లోనూ ఇదే పద్ధతి నేటికీ వినిపిస్తుంది.

కంట్రీ సంగీతంలో 'కొండ గొంతు' అని మెచ్చుకునే ఆ ముక్కుపలుకు, బిగబట్టిన పైస్థాయి, ఏడుపుకు ఒక్క అంగుళం ఇవతల ఆగే ధోరణి చాలావరకు ఈ చర్చిల్లో తయారైనవే. రాల్ఫ్ స్టాన్లీ (1927-2016) వర్జీనియా డికెన్‌సన్ కౌంటీలో ప్రిమిటివ్ బాప్టిస్టు సంఘంలో పెరిగాడు. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' సినిమాకు ఆయన మృత్యువును బతిమాలే ఒక పాటను ఏ వాద్యమూ లేకుండా పాడాడు. డెబ్బయి ఏళ్ళు దాటిన వృద్ధుడి ఒంటి గొంతు కోట్లమందిని కదిలించింది. అదేదో కొత్త ప్రయోగమని పట్నపు విమర్శకులు రాశారు. ఆయన ఊళ్ళో అది ఆదివారం పాట.

వాద్యానికి చర్చిలో చోటు లేకపోవడానికి మరో ముఖం కూడా ఉంది. ఫిడేలును 'సైతాను పెట్టె' అన్నారు. నాట్యం, సారా, కొట్లాట ఫిడేలు వెంట వస్తాయి కనుక మారుమనసు పొందినవాడు ఫిడేలు వదిలేయాలి. ఈ కట్టడి ఎంత బరువైనదో డాక్ బాగ్స్ (1898-1971) జీవితం చెబుతుంది. వర్జీనియాలోని నార్టన్ దగ్గర బొగ్గుగనిలో పనిచేసిన బాగ్స్ బాంజో వాయించే తీరు కొంత నల్లవాళ్ళను చూసి నేర్చుకున్నాడు. 1927లో న్యూయార్కు వెళ్ళి రికార్డులిచ్చాడు. భార్యకు ఆ పాటలు పాపం. ఆర్థిక మాంద్యం వచ్చింది, రికార్డుల ఆశ చెడింది, బాంజో తాకట్టుకు పోయింది. పాతికేళ్ళు అతను దాన్ని ముట్టలేదు. 1963లో మైక్ సీగర్ వెతుక్కుంటూ వెళ్ళేనాటికి గని నుంచి విరమించుకుని మళ్ళీ వాయించడం మొదలుపెట్టాడు. అతని పాటలు విన్నవాళ్ళకు ఒక సంగతి తోస్తుంది. పాపమని నమ్ముతూనే పాడినవాడి గొంతు అది. శనివారం రాత్రి సారా దుకాణానికీ ఆదివారం ఉదయం చర్చికీ మధ్య నలిగే మనిషి కంట్రీ సంగీతానికి శాశ్వత కథానాయకుడయ్యాడు. ఆ నలుగుడును ఏ కవీ కల్పించలేదు, ఆ ప్రాంతపు మతం రోజూ పెట్టిన బాధ అది.

అయితే కొండల్లోని మతమంతా ఒకటే అనుకుంటే పొరపాటు. 20వ శతాబ్దం మొదట్లో హోలీనెస్, పెంతెకొస్తు చర్చిలు లేచాయి. టెనెసీలోని క్లీవ్‌లండు పట్నం కేంద్రంగా పెరిగిన చర్చ్ ఆఫ్ గాడ్ వీటిలో పెద్దది. దేవుడు ఒంట్లోకి దిగుతాడని, దిగినప్పుడు మనిషి గెంతుతాడని, భాషలు మాట్లాడతాడని వీళ్ళ నమ్మకం. పామును చేతబట్టే శాఖలు కూడా ఇక్కడే పుట్టాయి. ఒంటికి చోటిచ్చిన చర్చి వాద్యానికీ చోటిచ్చింది. గిటారు, బాంజో, ఫిడేలు, కంజిర లోపలికి వచ్చాయి. సైతాను పెట్టె దేవుడి పెట్టె అయింది. పాతకాలపు బాప్టిస్టు సంఘాల్లో స్త్రీ బోధించడానికి వీల్లేదు. ఇక్కడ స్త్రీలు లేచి సాక్ష్యం చెప్పారు, బోధించారు, వాయించారు. పొద్దున నూలు మిల్లులోనో గనిలోనో పనిచేసిన నిరుపేదలే ఈ సంఘాలు. పట్నపు పెద్దమనుషులు వీళ్ళను 'దొర్లే జనం' అని ఎగతాళి చేశారు. గనిపని వదిలి బోధకుడైన క్లాడ్ ఈలీ ప్రార్థన కూటాన్ని 1953లో కెంటకీలోని వైట్స్‌బర్గ్ కోర్టు భవనంలో కింగ్ కంపెనీ రికార్డు చేసింది. ఆ రికార్డు వింటే, కొద్దికాలంలో యువతరాన్ని ఊపబోయే రాక్ సంగీతపు ఊపు ఎక్కడినుంచి వచ్చిందో కొంత తెలుస్తుంది.

ఈ రెంటికీ మధ్య మూడో దారి పాటల బడులది. ఊరూరా తిరిగే పంతులు రెండు వారాలుండి, ఒక్కో స్వరానికి ఒక్కో ఆకారం గల అచ్చుతో జనానికి స్వరాలు చదవడం నేర్పేవాడు. 'సదరన్ హార్మొనీ' 1835లో, 'సేక్రెడ్ హార్ప్' 1844లో ఇలాంటి పుస్తకాలుగానే వచ్చాయి. తర్వాత ఇది వ్యాపారమయింది. టెనెసీలోని లారెన్స్‌బర్గ్‌లో జేమ్స్ వాన్ అనే ప్రచురణకర్త తన పాటల పుస్తకాలు అమ్ముకోవడానికి 1910లో నలుగురు గాయకుల జట్టును జీతమిచ్చి ఊళ్ళమీదికి పంపాడు. నలుగురు నాలుగు శ్రుతుల్లో కలిపి పాడే కంట్రీ పద్ధతికి మూలం ఇక్కడుంది.

ఈ పంటను కోసుకోవడానికి గ్రామఫోన్ కంపెనీలు రావడం ఇక ఎంతో ఆలస్యం కాలేదు. టెనెసీ, వర్జీనియాల సరిహద్దు బ్రిస్టల్ పట్నం ప్రధానవీధి నడిమధ్యగా పోతుంది. 1927 జూలై 25 నుంచి ఆగస్టు 5 దాకా విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అక్కడ మకాం వేసి 19 జట్ల చేత 76 పాటలు పాడించాడు. క్లించ్ కొండ పక్క లోయ నుంచి వచ్చిన కార్టర్ కుటుంబం, మిసిసిపీ వాడైన జిమ్మీ రాడ్జర్స్ తొలిసారి రికార్డయింది అప్పుడే. కంట్రీ సంగీతం పుట్టిన రోజులుగా వాటిని చెప్పుకుంటారు. ఆ పాటల్లో దైవగీతాలు తక్కువేమీ కాదు. కెంటకీలో గని కార్మికుడూ బోధకుడూ అయిన ఎర్నెస్ట్ ఫిప్స్ తన హోలీనెస్ జట్టుతో వచ్చాడు. బాప్టిస్టు బోధకుడు ఆల్ఫ్రెడ్ కార్న్స్ వీణలాంటి గిటారుతో వచ్చాడు. పీర్‌కు దైవభక్తి ఉందని కాదు, దైవభక్తి ఉన్నవాళ్ళు రికార్డులు కొంటారని అతనికి తెలుసు. పాటకు యాభై డాలర్లిచ్చి, ప్రచురణ హక్కులు తన చేతిలో ఉంచుకున్నాడు. ఊరుమ్మడి కీర్తనకు యజమాని పుట్టాడు.

మార్కెట్ చేసిన పని ఇంకొకటుంది. నల్లవాళ్ళ రికార్డులకు 'రేస్' అనీ, తెల్ల పల్లెవాళ్ళ రికార్డులకు 'పాతకాలపు పాటలు', 'హిల్‌బిల్లీ' అనీ వేరువేరు జాబితాలు అచ్చువేశారు. కొండల్లో జీవితం అలా వేరుపడి లేదు. బాంజోయే ఆఫ్రికా నుంచి వచ్చిన వాద్యం. కార్టర్ కుటుంబపు పెద్ద ఎ.పి. కార్టర్ పాటల కోసం ఊళ్ళు తిరిగేటప్పుడు లెస్లీ రిడిల్ అనే నల్ల గిటారిస్టును వెంట తీసుకుపోయేవాడు. సిమెంటు కర్మాగారంలో ప్రమాదం జరిగి కాలు పోయినవాడు రిడిల్. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ వరస గుర్తుపెట్టుకునేవాడు. మేబెల్ కార్టర్ గిటారు వాయింపులో అతని చేయి ఉంది, రికార్డుల మీద మాత్రం అతని పేరు లేదు. అతని దగ్గర నేర్చిన ఒక బాప్టిస్టు కీర్తనను, లోకం అగ్నికి ఆహుతయ్యే దినాన్ని గురించినదాన్ని, కార్టర్లు 1930లో రికార్డు చేశారు. 1940లో వుడీ గుత్రీ సరిగ్గా ఆ కుటుంబపు బాణీనే తీసుకుని 'దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్' రాశాడు. నల్ల మనిషి జ్ఞాపకం, తెల్ల కుటుంబం రికార్డు, అభ్యుదయకవి పాట: మూడూ ఒకే వరస మీద నడిచాయి. మొదటివాడికి దక్కవలసిన గుర్తింపు అతని చివరి రోజుల్లో గాని మొదలుకాలేదు.

ఇప్పుడు గనుల దగ్గరికి వద్దాం. కంపెనీ ఊళ్ళలో చాలా చోట్ల చర్చి భవనం కంపెనీ కట్టించింది, పాస్టరు జీతంలో కంపెనీ వాటా ఉంది. అలాంటి పాస్టరు సమ్మె గురించి ఏం బోధిస్తాడో చెప్పనక్కర్లేదు. కొండల నుంచి పనికోసం మైదానపు నూలుమిల్లులకు దిగిన జనం విషయంలో ఇది మరీ స్పష్టంగా కనబడింది. 1929లో నార్త్ కరొలైనాలోని గాస్టోనియాలో సమ్మె జరిగినప్పుడు పట్నపు చర్చిలు, మిల్లు డబ్బుతో నడిచే చర్చిలు యజమానుల పక్షం వహించిన తీరును లిస్టన్ పోప్ తన 1942 నాటి గ్రంథంలో వివరంగా చూపించాడు. ఆ సమ్మెలో పాటలు కట్టి పాడిన ఎల్లా మే విగిన్స్ టెనెసీ కొండల నుంచి వచ్చిన మిల్లు కూలీ. తొమ్మిదిమంది బిడ్డల్లో నలుగురిని పోగొట్టుకున్న తల్లి. 1929 సెప్టెంబరు 14న సభకు పోతుండగా ఆమెను కాల్చి చంపారు. ఎవరికీ శిక్ష పడలేదు.

జీతం తీసుకోని బోధకుడి విలువ ఇక్కడ తెలుస్తుంది. కంపెనీ ఊరి పొలిమేర దాటి, వాగు పక్క పూరిచర్చిలో బోధించే గని కార్మికుడికి కంపెనీ చెప్పవలసింది ఏమీ లేదు. అతని బైబిల్లో ఐగుప్తు నుంచి బయటపడ్డ బానిసల కథ ఉంది. కూలివాడి కూలి ఎగ్గొట్టిన ధనవంతుణ్ణి శపించిన యాకోబు పత్రిక ఉంది. హార్లన్ కౌంటీలో యునైటెడ్ మైన్ వర్కర్స్ సంఘానికి పనిచేసిన మార్షల్ మ్యూజిక్ బోధకుడు కూడా. 1937 ఫిబ్రవరిలో యజమానుల మనుషులు ఆయన ఇంటిమీద కాల్పులు జరిపితే కొడుకు చనిపోయాడు. అందరు బోధకులూ ఇలాంటివాళ్ళని చెప్పడం లేదు. ఈ లోకపు కష్టం నాలుగు రోజులదేనని ఊరుకోబెట్టినవాళ్ళే ఎక్కువమంది కావచ్చు. కాని ఆ చర్చి జనం చేతిలో ఉంది. అది ఎటు తిరగాలో జనం తేల్చుకోగలిగారు.

1931లో బొగ్గు ధర పడిపోయి యజమానులు కూలి తగ్గించారు. హార్లన్‌లో సమ్మె మొదలైంది. మే 5న ఎవార్ట్స్ దగ్గర జరిగిన కాల్పుల్లో నలుగురు చనిపోయారు. షరీఫ్ జె.హెచ్. బ్లెయిర్ మనుషులు సంఘ నాయకుడు శామ్ రీస్ కోసం ఇల్లు సోదా చేశారు. వాళ్ళు పోయాక, ఇంట్లో కాగితం లేక, గోడ కేలండరు చింపి దాని వెనుక ఫ్లారెన్స్ రీస్ పాట రాసింది: నువ్వెవరి పక్షమని నిలదీసే 'విచ్ సైడ్ ఆర్ యు ఆన్?'. దానికి వాడింది ఒక పాత బాప్టిస్టు కీర్తన వరసని ఆమే చెప్పింది. వరస మాత్రమే కాదు, ప్రశ్న కూడా చర్చిదే. రక్షణ పొందినవాడివా, పోగొట్టుకున్నవాడివా, మధ్యలో నిలబడే చోటు లేదని ప్రతి ఆదివారం విన్న జనానికి ఆ పాట అర్థమేమిటో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

అదే ఉద్యమంలో మంత్రసాని ఆంట్ మాలీ జాక్సన్, ఆమె సవతి చెల్లెలు సారా ఓగన్ గన్నింగ్, తమ్ముడు జిమ్ గార్లండ్ పాటలు కట్టారు. సారా గొంతు పూర్తిగా వాద్యంలేని బాప్టిస్టు గొంతు. భర్త క్షయతో పోయాడు, బిడ్డ ఆకలితో పోయింది. ఆమె పాట ఒకదాని చరిత్ర చూడండి. 1907లో దొంగ కాల్పుల్లో చూపు పోయిన కెంటకీ గాయకుడు డిక్ బర్నెట్, 1913 ప్రాంతంలో అచ్చువేసుకున్న చిన్న పుస్తకంలో నిత్యదుఃఖంలో ఉన్న మనిషి వీడ్కోలు పాట ఉంది. దాని వరస ఒక బాప్టిస్టు కీర్తనదని బర్నెట్ గుర్తుచేసుకున్నాడు. సారా 1930లలో ఆ పాటలో మగవాడి చోట గని కార్మికుడి భార్యను నిలబెట్టి, దుఃఖానికి కారణం ఎవరో చెప్పింది. 1950లో స్టాన్లీ సోదరులు పాత పాఠాన్నే రికార్డు చేశారు. 2000 నాటి సినిమాతో ప్రపంచమంతా విన్నది కారణం లేని దుఃఖాన్నే. సారా పాఠం గ్రంథాలయాల్లో ఉంది. ఏ పాఠం బతకాలో బాణీ నిర్ణయించదు.

అభ్యుదయవాదులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన ఘట్టం ఒకటి ఇక్కడే ఉంది. పాత సంఘం చేతులెత్తేశాక కమ్యూనిస్టుల నాయకత్వంలోని నేషనల్ మైనర్స్ యూనియన్ ఈ కొండల్లోకి వచ్చింది. వంటశాలలు పెట్టింది, తెల్ల నల్ల కార్మికులను ఒకే సభలో కూర్చోబెట్టింది, 1932 జనవరి 1న సమ్మె పిలుపిచ్చింది. శిక్షణకోసం పట్నాలకు వెళ్ళిన స్థానిక నాయకులు కొందరు, దేవుడు లేడన్న ప్రసంగాలు విని తిరిగివచ్చి, తమకూ ఈ సంఘానికీ పొత్తు లేదని బహిరంగంగా ప్రకటించారు. జాతి సమానత్వం మింగుడుపడకపోవడం కూడా అందులో ఉంది. అది దాచవలసిన పనిలేదు. యజమానులు ఆ ప్రకటనలను బాగా వాడుకున్నారు. ఆ సమ్మె ఓడిపోవడానికి తుపాకులు, ఆకలి ప్రధాన కారణాలు. కాని పగలు సంఘసభలో, రాత్రి ప్రార్థనసభలో ఒకే బెంచీ మీద కూర్చునే మనిషిని రెంటిలో ఒకటి ఎంచుకోమనడం తొందరపాటు అయింది. ఆ మనిషి పాటలో అప్పటికే ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయి. న్యూయార్కు నుంచి వచ్చిన కార్యకర్తలు పాట విన్నారు, మెచ్చుకున్నారు, తీసుకుపోయి పాడించారు. అందులోని కీర్తనను పట్టించుకోలేదు.

కీర్తన బాణీలో తిరుగుబాటు పాట కట్టడం అమెరికాలో అంతకుముందే ఉంది. 1915లో ఉరితీతకు బదులు తుపాకీ గుండ్లకు బలైన జో హిల్, సాల్వేషన్ ఆర్మీ పాడే స్వర్గగీతాన్ని వెక్కిరింత పాటగా మార్చాడు. ఊరూరూ తిరిగే వలస కూలీలకు అది నచ్చింది. ఫ్లారెన్స్ రీస్, సారా గన్నింగ్ వెక్కిరించలేదు. వాళ్ళకు ఆ కీర్తన ఎగతాళికి పరాయిది కాదు, తల్లి చావునాడు పాడింది. రెండు పద్ధతులకూ చోటుంది, కాని ఒకటి ఇంకొకటనుకోకూడదు. టెనెసీ కొండల్లోని హైలాండర్ పాఠశాలకు 1945-46 నాటి చార్లెస్టన్ పొగాకు సమ్మె నుంచి నల్ల స్త్రీ కార్మికులు తెచ్చిన చర్చిపాటే 'వి షల్ ఓవర్‌కమ్' అయింది. మన పిల్లలు బడుల్లో పాడే 'హమ్ హోంగే కామ్‌యాబ్' దాని హిందీ రూపం. మన దగ్గర జంగం కథ బుర్రకథగా మారి 1940లలో ప్రజానాట్యమండలి వేదిక ఎక్కడం, సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను తెలంగాణ పోరాటానికి తేవడం తెలిసిన పాఠకులకు ఈ మార్పిడి స్వభావం వేరే వివరించనక్కర్లేదు.

నాష్‌విల్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 1925లో ఒక బీమా కంపెనీ రేడియోలో మొదలైన గ్రాండ్ ఓల్ ఆప్రీ, 1943 నుంచి 1974 దాకా రైమన్ భవనంలో నడిచింది. అది 1892లో సువార్త సభలకోసం కట్టిన ప్రార్థనామందిరం. శ్రోతలు చర్చి బెంచీల మీదే కూర్చునేవారు. 1897లో బానిసత్వ పక్షపు మాజీ సైనికుల సమావేశం కోసం వేసిన పైమేడ కూడా అలాగే ఉంది. ఆ వేదిక మీద తొలినాటి ఆకర్షణల్లో ఒకడైన నల్ల కళాకారుడు డిఫోర్డ్ బెయిలీని 1941లో తీసేశారు. తర్వాత ఆయన బూట్లు పాలిష్ చేసుకుని బతికాడు. జబ్బుకూ చావుకూ బీమా అమ్మే కంపెనీకి చావును గురించిన కీర్తనలు పాడేవాళ్ళు దొరకడం వ్యాపారానికి మంచిదే. సమ్మె పాట ఆ వేదిక ఎక్కలేదు. గనిపాట ఎక్కింది, కొంత మెత్తబడి. మెర్ల్ ట్రావిస్ 1946లో రాసిన 'సిక్స్‌టీన్ టన్స్' కంపెనీ కొట్టుకు ఆత్మను తాకట్టు పెట్టిన కూలీ పాట. 1955లో దాన్ని దేశమంతా మోగించిన ఎర్నీ ఫోర్డ్ బ్రిస్టల్‌లో పుట్టినవాడు. మరుసటి ఏడు అతను తెచ్చిన కీర్తనల రికార్డు కూడా అంతే బాగా అమ్ముడుపోయింది. కెంటకీ గని కార్మికుడి కూతురు లొరెట్టా లిన్ 1975లో గర్భనిరోధక మాత్రను మెచ్చుకుంటూ పాడితే అనేక రేడియో కేంద్రాలు నిషేధించాయి, బోధకులు ఖండించారు. రికార్డు ఆగలేదు. బోధకుడి మాట వింటూనే మాత్ర మింగిన స్త్రీలు ఆ కొండల్లో చాలామందే ఉన్నారన్నమాట.

ఈ ధారలన్నీ ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణ కావాలంటే హేజెల్ డికెన్స్ (1925-2011). వెస్ట్ వర్జీనియాలో పుట్టింది. తండ్రి ప్రిమిటివ్ బాప్టిస్టు బోధకుడు, గనులకు దుంగలు తోలేవాడు, బాంజో వాయించేవాడు. అన్నదమ్ములు గనుల్లో పనిచేశారు. ఒక అన్న బొగ్గుధూళి ఊపిరితిత్తుల్లో చేరి చనిపోయాడు. బాల్టిమోర్ వెళ్ళి కర్మాగారాల్లో పనిచేసిన ఈమె, 1973-74 నాటి బ్రూక్‌సైడ్ సమ్మె మీద బార్బరా కాపుల్ తీసిన 'హార్లన్ కౌంటీ, యు.ఎస్.ఎ.' చిత్రానికి పాడింది. 1976లో వచ్చిన ఆ చిత్రంలో, వయసు మళ్ళిన ఫ్లారెన్స్ రీస్ మైకు ముందు నిలబడి తన పాట మళ్ళీ పాడుతుంది. ఇద్దరి గొంతులోనూ ఉన్నది పాత చర్చి గొంతే. డికెన్స్ దాన్ని తీపి చేయమన్న సలహాలకు లొంగలేదు, నాష్‌విల్ ఆమెను పెద్దగా పట్టించుకోనూ లేదు.

గనుల్లో పని ఇప్పుడు చాలా తగ్గింది. పాట మాత్రం తేలని వివాదంగానే ఉంది. 2023 ఆగస్టులో వర్జీనియా యువకుడు ఆలివర్ ఆంథొనీ రాజధానిలోని ధనవంతులను తిడుతూ పాడిన పాట అమెరికా జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అతను తన తొలి పెద్ద కచేరీలలో ఒకదాన్ని బైబిల్‌లోని కీర్తన చదివి మొదలుపెట్టాడు. ఆ పాట పైవాణ్ణి తిడుతుంది, అదే ఊపులో ప్రభుత్వ సాయం తీసుకునే పేదనూ తిడుతుంది. రిపబ్లికన్ నాయకులు దాన్ని తమ చర్చావేదిక మీద వాడుకుంటే, తను రాసింది మీ గురించేనని అతను నవ్వాడు. పేదను తిట్టిన చరణాన్ని మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

అంతకు మూడేళ్ళ ముందు, 2020 సెప్టెంబరులో, తూర్పు కెంటకీ లారెన్స్ కౌంటీకి చెందిన టైలర్ చిల్డర్స్ నల్లవాళ్ళ మీద పోలీసు హత్యలను గురించి పాట విడుదల చేశాడు. మీ పిల్లలకే ఇలా జరిగితే ఏం చేసేవారో ఆలోచించమని తన తెల్ల పల్లె శ్రోతలను నేరుగా అడిగాడు. కొందరు దూరమయ్యారు. అతను పెరిగింది ఫ్రీ విల్ బాప్టిస్టు చర్చిలో. 2022లో తెచ్చిన దైవగీతాల సంపుటిలో స్వర్గపు గాయకబృందాన్ని వర్ణిస్తాడు. అందులో హిందువులు, యూదులు, ముస్లింలు రకరకాల బాప్టిస్టుల పక్కన నిలబడి పాడుతుంటారు. హిందువుల మాట అటుంచి, రకరకాల బాప్టిస్టులు ఒక చోట నిలబడి పాడటమే ఆ కొండల్లోని పాతకాలపు పెద్దలకు నమ్మశక్యం కాని సంగతి.